గౌతమీ తీరపు మాగాణి – పునరుజ్జీవన సేద్యము

గౌతమీ గోదావరి సముద్రమును చేరుటకు కొలది క్రోసుల ముందు, దాని యెడమగట్టున, కోరింగ నది చీలిపోవు తావున, యానాం పట్టణమును దానిని అంటిపెట్టుకొనియున్న కొన్ని గ్రామములును గలవు. అన్నియు కలిపి 30 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలోను, అటు పిమ్మట పుదుచ్చేరిలో భాగముగను ఉన్న ఈ చిన్న సీమకు నలువైపుల ఆంధ్రదేశమే. భాష ఒకటే, కాలువనీరు ఒకటే, పొలము గట్టుకు ఇటునటు మట్టియు ఒకటే. ఆ మట్టిని ఇచటికి తెచ్చినది గోదావరి. సహ్యాద్రి కొండలలో పుట్టి, దక్కను నల్లరేగళ్లను ఒరసికొనుచు, తూర్పుకనుమలను చీల్చుకొని వచ్చిన ఆ మహానది, వరద వచ్చిన ప్రతి యేటను గట్లు పొరలి, తాను మోసికొని వచ్చిన ఒండ్రును పలుచని పొరగా పఱచి పోవుచుండగా, వేలకొలది సంవత్సరములకు ఈ డెల్టా రూపొందినది. ఎరువు అను మాట యెరుగకయే పండిన పొలములు ఇచట ఉండెనన్నచో, ఆ ఎరువును నదియే వేసిపోవుచుండుట దానికి కారణము.

1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టతో ఈ కథ మలుపు తిరిగినది. క్షామములతో కృశించుచుండిన సీమకు, దానిని కట్టించిన ఆర్థర్ కాటన్ చేసిన మేలు ఇంతింత యనరానిది. దానిని కొంచెపరచుట నా యుద్దేశము కాదు. కాని కాలువల గుండ తేటపడిన నీరు రాసాగినది, వరదకట్లు బలపడినవి, ఒండ్రు క్రమముగా పొలములకు అందక సముద్రమునకే పోయినది. తరువాతి శతాబ్దిలో ఎగువ నదిమీద కట్టిన జలాశయములు ఆ ఒండ్రులో అధిక భాగమును తమ గర్భముననే నిలుపుకొన్నందున, ఇప్పుడు సముద్రమునకు చేరునదియు తగ్గిపోయి, గోదావరి డెల్టా తీరము కొన్నిచోట్ల కోతకు గురియగుచున్నదని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూవిజ్ఞానులు చూపియున్నారు. నది మానుకొన్న పనిని ఇక సేద్యమే నెరవేర్చవలెను. పంటను తీసికొనుటతో తృప్తిపడక, పంట పండించుట యను క్రియ వలననే నేల ఏటికేడు మెరుగగునట్లు చేయు వ్యవసాయమును నేడు లోకమందు పునరుజ్జీవన సేద్యమని వ్యవహరించుచున్నారు. అది డెల్టా రైతునకు పరదేశపు విద్య కాదనియు, అందు సగము అతని తాతల పొలములలోనే యుండెననియు, కొరవడిన సగము ముఖ్యముగా వేసవికాలపు బీడునకు సంబంధించినదనియు నా నమ్మకము.

ఈ భావమునకు వంశవృక్షము పెద్దది. ఇండోరులో పరిశోధనలు సాగించి 1940లో తన వ్యవసాయ గ్రంథమును వెలువరించిన ఆల్బర్టు హోవర్డు, భారతీయ కర్షకులే తనకు గురువులని ఎంచినవాడు. ఆయన ప్రభావము అమెరికాలోని రోడేల్ కుటుంబము మీద పడినది. ఇప్పుడు వాడుకలోనున్న నామమును 1980ల ప్రాంతమున ప్రచారము చేసినది ఆ కుటుంబమే. జపానులో ఫుకువోకా మసనోబు దున్నకయే వరిని, బార్లీని పండించి చూపెను. వీరందరి మాటలలో సారభూతమైనవి కొన్నియే: నేలను అనవసరముగా కదలింపవలదు, దానిని ఎండకు విప్పి యుంచవలదు, ఏడాదిలో వీలైనన్ని దినములు జీవముగల వేరు మట్టిలో ఉండవలెను, ఒకే పంట కాక పలు జాతులు ఉండవలెను, పశువు మరల పొలమునకు రావలెను.

సజీవమైన వేరునకు అంత ప్రాధాన్యమేల? ఆకు సూర్యరశ్మి సాయమున చేసికొన్న చక్కెరలో గణనీయమైన భాగమును మొక్క తన వేళ్ల గుండ మట్టిలోనికి స్రవింపజేయును. పైపైన చూచినవారికి ఇది వ్యర్థవ్యయముగా తోచును. కాని ఆ స్రావములను ఆశ్రయించి వేళ్ల చుట్టును కోటానుకోట్ల సూక్ష్మజీవులు చేరి, మట్టి రేణువులకు గట్టిగా అంటియున్న భాస్వరమును, జింకును కరగించి వేరునకు అందించును. సన్నని వేరునకు సైతము చొరరాని సందులలోనికి శిలీంధ్రముల పోగులు చొచ్చి నీటిని, లవణములను తెచ్చి యిచ్చును. ఈ జీవులు విడుచు జిగట పదార్థములు రేణువులను చిన్న చిన్న గుళికలుగా కూర్చును; ఆ గుళికల నడిమి ఖాళీలలోనే గాలియు, నీరును నిలుచును. వేరు చచ్చి, నేల ఎండి, నెలల తరబడి ఆహారము లేకపోయినచో ఈ ప్రపంచమంతయు కృశించును. మిగిలిన సేంద్రియ పదార్థము ఎండవేడికి త్వరితముగా జీర్ణమై బొగ్గుపులుసు వాయువై లేచిపోవును.

ఆ నష్టమును పూరించుట ఎంత కష్టమో తెలియుటకు చిన్న లెక్క చాలును. ఒక ఎకరపు పొలములో పైనున్న 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 800 టన్నులు తూగును. అందలి సేంద్రియ కర్బనము నూటికి 0.1 వంతు పెరుగుట యనగా 8 క్వింటాళ్ల కర్బనము అదనముగా నిలుచుట. ఎకరమునకు వచ్చు వరిగడ్డినంతయు మట్టికే తిరిగి యిచ్చినను, అందలి కర్బనములో పెక్కుపాలు సూక్ష్మజీవుల ఊపిరియై గాలిలో కలియును; కొలదిపాటి మాత్రమే నేలను అంటిపెట్టుకొని యుండును. కావున ఒక్క పంటకాలములో నేల మారినదని చెప్పువారి మాట నమ్మదగినది కాదు. ఇది సంవత్సరముల పని.

ఇచట ఒక చిక్కు కలదు. అమెరికా, ఆస్ట్రేలియాలలో ఈ సేద్యమును గూర్చి వ్రాయువారు చాలవరకు గోధుమ, మొక్కజొన్న పండు మెట్టనేలలను దృష్టియందుంచుకొనినవారు. మన మాగాణిలో వరికి ముందు దమ్ము చేయుదుము. అనగా నీరు క్రిందికి ఇంకకుండుటకై మట్టి గుళికలను బుద్ధిపూర్వకముగా నలిపి బురద చేయుదుము. నాగలి అడుగున గట్టిపొర యేర్పడుటయు వరికి ఉపకారమే. తరువాత వేయు పైరునకే అది అపకారము. దున్నకుండుటయే పరమధర్మమని డెల్టా రైతునకు బోధించుట, కావున, అతని పొలమును చూడకయే వైద్యము చేయుట వంటిది. ఆ పొలమునకు తగిన మార్గమును ఆ పొలముననే వెదకవలెను.

వెదకినచో దొరకును. కృష్ణా గోదావరి డెల్టాల రైతులు సార్వా (వానకాలపు) వరి కోతకు రెండు మూడు దినముల ముందు, నిలిచియున్న పైరులోనే, తడి ఆరని నేల మీద మినుము గాని పెసర గాని చల్లుదురు. నాగలి తగులదు, ఎరువు పడదు, నీరు పెట్టరు. వరి కోసి తీసికొనిపోవునప్పటికి మొలక భూమిని పట్టి, వరి విడిచిపోయిన తేమతోను, శీతకాలపు మంచుతోను పెరిగి కాయ కాయును. దున్నని సేద్యము, ఎడతెగని వేరు, పంటమార్పిడి, నత్రజని స్థిరీకరణము – శాస్త్రగ్రంథములు వేర్వేరు అధ్యాయములుగా వర్ణించు ఈ నాలుగును ఒక్క పనిలో ఇమిడియున్న ఆచారము లోకమున మఱి యెన్నిచోట్ల కలదో! కాని కాలువలలో నీరు సమృద్ధిగా ఉన్నచోట దాళ్వా (రెండవ కారు) వరి ఈ అపరాలను త్రోసిపుచ్చినది. బంగారుతీగ యను పరాన్న మొక్క మినుమును చుట్టుకొని పీల్చివేయుటయు, పల్లాకు తెగులును రైతును విసిగించినవి. కూలీలు దొరకక కోత మిషను వచ్చిన పిమ్మట, దాని బరువైన చక్రముల క్రింద తడినేల అణగి, లేత మొలకలు నలిగిపోవుచున్నవి. యంత్రము కాలానుగుణమైనదే, కాని డెల్టా మాగాణికి తగినంత తేలికైన యంత్రమును కల్పించుట యంత్రశిల్పుల బాధ్యత యని గట్టిగా అడుగువారు లేకుండుట విచారకరము.

అట్టి మార్గములలో రెండవది జీలుగ యను పచ్చిరొట్ట. జూన్‌లో కాలువ వదలిన వెంటనే గాని, అంతకు ముందు కురిసిన జల్లులకు గాని, ఎకరమునకు 10 మొదలు 12 కిలోల విత్తనము చల్లి, ఆరేడు వారములకు పూత దశలో కలియదున్ని దమ్ము చేయుట పెద్దల వాడుక. జీలుగ వేరును పెరికి చూచినచో సన్నని బుడిపెలు కనబడును. వానిలో ఒకదానిని గోటితో చీల్చినచో లోపల ఎఱ్ఱగా ఉండును. మన నెత్తురునకు ఎరుపునిచ్చు పదార్థమునకు జ్ఞాతియైనట్టిదే ఆ ఎరుపును కలిగించుచున్నది. నత్రజనిని పట్టు బాక్టీరియాకు ప్రాణవాయువును మితముగా కొలిచి యందించుట దాని పని. మంచి జీలుగ పైరు హెక్టారునకు 60 మొదలు 100 కిలోల వరకు నత్రజనిని మట్టికి చేర్చగలదు. నీటి ముంపునకు, ఉప్పునకు కూడ అది ఓర్చుకొనును. సముద్రపు పోటు వచ్చిపోవు యానాం వంటి చోట ఈ గుణము అమూల్యము. జనుము, పిల్లిపెసర దీని తోబుట్టువులే. పిల్లిపెసర పశువునకు మేతయు నగును.

వరి నీటిలోనే మఱియొక సహాయము దాగియున్నది. వరిపొలపు నీటిమీద తేలియాడు నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికి ఇచ్చుచున్నదని పి. కె. దే అను భారతీయ శాస్త్రజ్ఞుడు 1939లో నిరూపించెను. శతాబ్దముల తరబడి ఎరువు లేకయే వరి కొంతమేరకు పండుచుండిన రహస్యములో ఇది ఒక భాగము. కలుపు మందులు, అధిక నత్రజని ఈ నాచును అణచివేయును.

వీని స్థానమున వచ్చినది యూరియా. యానాంనకు ఉత్తరమున, ఒక గంట ప్రయాణములో, కాకినాడ తీరమున పెద్ద ఎరువుల కర్మాగారములు వెలసినవి. కృష్ణా గోదావరి లోయలో భూగర్భమునుండి వెలికివచ్చు సహజవాయువే అచట యూరియాకు ముడిసరుకైనది. జర్మనీలో హేబరు 1909లో ప్రయోగశాలలో సాధించి, బాష్ 1913 నాటికి కర్మాగారములో నడిపించిన ప్రక్రియయే దీనికి మూలము: అధిక ఉష్ణమున, అధిక పీడనమున గాలిలోని నత్రజనిని ఉదజనితో బలాత్కారముగా కలుపుట. జీలుగ వేరుబుడిపెలో సూక్ష్మజీవి మామూలు వేడిమిలోనే నిశ్శబ్దముగా చేయు పని యిది. యూరియా లేకున్నచో మన జనాభాకు అన్నము దొరకకపోయెడిదని ఒప్పుకొనవలెను. కాని నీరు నిలిచిన మాగాణిలో చల్లిన యూరియాలో సామాన్యముగా మూడవ వంతునకు కొంచెము మించి మాత్రమే వరికి చేరును. తక్కినది అమ్మోనియాగా లేచిపోయి గాని, మరల నత్రజని వాయువుగా మారి గాని, మురుగు కాలువ గుండ కోరింగ మడ అడవులవైపు కొట్టుకొనిపోయి గాని నష్టమగును.

ఇక వేసవి. ఏప్రిల్ మాసమున కాలువలు కట్టివేసినది మొదలు జూన్ వరకు డెల్టా పొలము బీటలువారి బీడై యుండును. ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వము స్థాపించిన రైతు సాధికార సంస్థ 2016 మొదలు నడుపుచున్న ప్రకృతి వ్యవసాయ ఉద్యమము, నా దృష్టిలో, అన్నిటికంటె విలువైన పనిని ఈ కాలమును గూర్చియే చేసినది. వానలకు ముందే, పొడినేలలో, తృణధాన్యములు, అపరాలు, నూనెగింజలు, ఆకుకూరలు – నవధాన్యములని పిలిచినను ఇరువది ముప్పది జాతుల వరకు – కలగలిపి, గింజలకు బంకమన్నును, పేడతో చేయు ఘనజీవామృతమును పట్టించి, పైన గడ్డి పఱచి విత్తుదురు. 2018లో అనంతపురము వంటి కరవుసీమలో మొదలైన ఈ ముందస్తు విత్తుట డెల్టాలో మఱింత సులభముగా పట్టును. మంచును, చెదురుమదురు జల్లులును, మాగాణి అడుగున మిగిలిన తేమయు దానికి చాలును. జూన్ నాటికి కొంత పశువులకు మేతయై, తక్కినది దమ్ములో కలిసి ఎరువై పోవును. ఆరు లక్షలకు పైబడిన రైతులు ఏదో యొక మేరకు ఈ ఉద్యమమున చేరిరి; స్వయంసహాయక సంఘముల స్త్రీలు, స్వయముగా ఆచరించి చూచిన రైతులు ఇతరులకు బోధకులైరి. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానమును పంచుకొన్నవారిలో ఈ ఉద్యమమును ఒకటి. పొలము గట్టుకు ఆవల ఆంధ్ర అధికారులు చెప్పు మాటను ఈవల యానాం రైతు వినుటకు ఏ సరిహద్దును అడ్డు కాదు. కాని విత్తన సరఫరా, శిక్షణ, ఖర్చు విషయములలో పుదుచ్చేరి పాలన ప్రత్యేకముగా పూనుకొననిదే ఆ మాట చేతిలోనికి రాదు.

ఈ ఉద్యమముపై విమర్శ లేదని కాదు. 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన పరిషత్తు ఈ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేయుటకు తగిన శాస్త్రాధారము లేదని అభిప్రాయపడినది. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆంధ్రదేశపు రైతుల పొలములందే పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితములలో మాత్రము దిగుబడి తగ్గలేదు; నేలను కప్పిన గడ్డి మట్టివేడిని తగ్గించి తేమను నిలిపినదని వారు గమనించిరి. ఈ రెండు మాటలను ఎదురెదురుగా నిలిపి వాదించుట కంటె, నత్రజని లెక్కను నిజాయితీగా వేసికొనుట మేలు. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రము, రెండేసి కిలోల బెల్లమును పప్పుపిండియు, గుప్పెడు గట్టుమన్ను కలిపి 200 లీటర్లు చేసి ఈ పద్ధతిలో వాడు జీవామృతములో మొత్తము నత్రజని కొలది వందల గ్రాములకు మించదు. 45 కిలోల యూరియా బస్తాలో అది సుమారు 21 కిలోలు. జీవామృతము పాలలో వేయు తోడు వంటిది: పాలున్నప్పుడే దాని మహిమ. ఆ పాలు ఏవి యన, జీలుగ, మినుము, నవధాన్యములు, పశువుల ఎరువు, పొలముననే ఉంచిన గడ్డి. అవి లేకుండ ద్రవము మాత్రము చల్లిన రైతునకు పైరు పసుపురంగు తేలి కన్నీరు మిగిలినచో, ఆ పాపము అతనికి సగము మాట చెప్పినవారిది. 2021లో శ్రీలంక ప్రభుత్వము రసాయనిక ఎరువులను ఒక్కసారిగా నిషేధించినప్పుడు వరి పంట కుంగి, కొన్ని నెలలకే ఆ యాజ్ఞను సడలింపవలసివచ్చినది. పచ్చిరొట్ట బాగుగా పండిన యేడు యూరియాను నాల్గవ వంతు తగ్గించి, పైరును చూచి, మరుసటి యేడు మఱికొంత తగ్గించుట – ఇట్టి క్రమమే క్షేమము.

యానాం వంటి శివారు భూములకు ఇంకొక జాగ్రత్త వలయును. వరిపొలములలో నీరు నిలిచి గాలి చొరనప్పుడు అడుగున కొన్ని సూక్ష్మజీవులు మీథేను వాయువును పుట్టించును. మానవుల పనుల వలన వెలువడు మీథేనులో దరిదాపు పదవ వంతు ఇట్టిదే. దీనికి విరుగుడుగా, నీటిని మార్చి మార్చి ఆరబెట్టుటను అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారము చేయుచున్నది. పొలములో గొట్టమును పాతి, లోపలి నీటిమట్టము నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయినప్పుడు మరల తడి పెట్టుదురు. మీథేను ఇంచుమించు సగము వరకు తగ్గును, నీరు మిగులును. ఎగువ పొలములకు ఇది సర్వథా యోగ్యము. కాని భూగర్భజలము ఉప్పగా నున్న తీరభూమిలో నేల ఆరిన కొలదియు ఉప్పునీరు సూక్ష్మరంధ్రముల గుండ పైకి ప్రాకి, తెల్లని చౌడుగా తేలును. పైన నిలిచిన మంచినీరే దానిని అణచియుంచునది. రొయ్యల చెరువుల ప్రక్కనున్న పొలములలో ఈ భయము మఱింత. అట్టిచోట ఆరబెట్టుటకు ముందు నీటి ఉప్పదనమును కొలువవలెను. కోత తరువాత గడ్డిని తగులబెట్టక పొలము మీదనే పఱచియుంచవలెను. ఎండకు ఆవిరి తగ్గినప్పుడు ఉప్పు పైకి వచ్చుటయు తగ్గును. వేసవి నవధాన్యములకు ఇచట మీథేను కంటెను, కర్బనము కంటెను ముందుగా చెప్పదగిన ప్రయోజనము ఇదియే: ఉప్పునకు అడ్డుగా నిలుచు పచ్చని కప్పు.

ఇవన్నియు చెప్పిన పిమ్మట మట్టిలో కానరాని ఒక సంగతి మిగులును. గోదావరి డెల్టాలో దున్నువారిలో చాలమంది కౌలుదారులు. ఏటి కౌలునకు భూమి పట్టినవాడు, కోత అయిన వెంటనే ఇన్ని బస్తాలని కొలిచి యియ్యవలసినవాడు, జీలుగ దున్ని నేలలో పాతిపెట్టిన నత్రజనిని మూడవ యేట తానే అనుభవింతునను నమ్మకము ఎట్లు పెట్టుకొనగలడు? పొలము బాగుపడిన యేటనే కౌలు పెంచుదురని, లేదా వేరొకనికి ఇత్తురని అతని భయము. అది నిరాధారమైనది కాదు. ఆంధ్రలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము పదునొకండు నెలల ఒప్పందమును గుర్తించినది. నేల ఒక మెట్టు ఎక్కుటకు పదునొకండు నెలలు చాలవు. భారత ప్రభుత్వము 2024 నవంబరులో ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ పథకము కోటి మంది రైతులను లక్ష్యముగా పెట్టుకొన్నది. ఆ కోటిలో భూమిలేని సాగుదారునకు చోటు దొరకవలెనన్నచో, కనీసము ఐదేండ్ల కౌలు, పచ్చిరొట్ట వేసిన యేడు కౌలులో కొంత తగ్గింపు, ఏప్రిల్ ముగియకముందే ఊరికి చేరు జీలుగ, మినుము, నవధాన్యముల విత్తనము అతనికి కావలెను. యానాం గ్రామములు వ్రేళ్ల మీద లెక్కింపదగినన్ని. భూస్వామిని, కౌలుదారుని, నీటిపారుదల ఉద్యోగిని ఒక్క చావడిలో కూర్చుండబెట్టి ఈ ఒప్పందమును వ్రాయించుటకు ఇంత అనువైన చోటు డెల్టా మొత్తములో వేరొకటి నాకు తోచుట లేదు.